స్టాఫ్ కాని మనిషి

వెనక్కి నడవడం ఆమె వృత్తిలో ఒక భాగం. వినికిడి లేని పిల్లల బడిలో టీచర్లు నోటితో చెప్పేదాన్ని ఆమె చేతులతో చెబుతుంది. పిల్లల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిపించేటప్పుడు కూడా మాట తెగకూడదంటే చేతులు వాళ్ళకు కనబడుతూ ఉండాలి. అందుకని వాళ్ళ వైపు తిరిగి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ సైగలు చేసేది.

ఆ రోజు నిప్పంటుకుంటే బడిలోంచి బయటికి ఎలా రావాలో నేర్పిస్తున్నారు. డ్రిల్లు మాస్టారు చెబుతున్నాడు, ఆమె సైగలు చేస్తోంది. 'తొయ్యకండి. పరిగెత్తకండి. కాళ్ళ కింద ఏముందో చూసుకుంటూ నడవండి.' హాలు చివర అప్పుడే తుడిచిన గచ్చు, ఆ పక్కనే ఒక మెట్టు. చూసుకోండి, చూసుకోండి అంటూనే తను చూసుకోకుండా వెల్లకిలా పడిపోయింది. ఒంటి బరువంతా కుడిచేతి మీద పడింది.

పిల్లలు మొదట నవ్వారు. అదీ పాఠంలో భాగమే అనుకున్నారు. ఆమె లేవకపోయేసరికి ముందు వరసలో పిల్ల చూపుడు వేలితో తన బుగ్గ పొడుచుకుని, చేతులు గాల్లో ఊపుతూ పరిగెత్తింది. బుగ్గ పొడుచుకోవడమంటే ఆమె పేరు. ఆ బడిలో పెద్దవాళ్ళందరికీ పిల్లలు పెట్టిన సైగ పేర్లున్నాయి. నవ్వితే సొట్ట పడుతుంది కాబట్టి ఆమె సొట్టబుగ్గ. ప్రధానోపాధ్యాయురాలిని పిలవాలంటే ముక్కు మీద లేని కళ్ళజోడును పైకి తోస్తారు. ఆవిడ కళ్ళజోడు మేడమ్.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, మణికట్టు దగ్గర రెండెముకలూ విరిగాయన్నాడు.

"ఏం పని చేస్తుంటారు?"

"మాట్లాడుతుంటానండి."

"మరింకేం? ఇబ్బంది లేదు."

"చేత్తో."

డాక్టరు ఎక్స్‌రే కిందికి దించాడు. కట్టు విప్పాక కూడా వేళ్ళు మునుపటిలా తిరగడానికి నెలలు పడుతుందనీ, తొందరపడితే అసలుకే మోసమనీ చెప్పాడు.

సొట్టబుగ్గ పెద్దగా కంగారు పడలేదు. ఆమెకు సంపాదన నాలుగు చోట్ల నుంచి వస్తుంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా బడి. ఆ తర్వాత కోర్టు పిలిస్తే కోర్టు, ఆసుపత్రి పిలిస్తే ఆసుపత్రి. ఆదివారం టీవీ వార్తల్లో, తెర మూల చిన్న గడిలో నిలబడి సైగలు చేస్తుంది. "అలిగి మూల నించున్నట్టే ఉంటావు" అని మొగుడు వెక్కిరించేవాడు. కోర్టయినా టీవీ అయినా వెళ్తేనే డబ్బు, వెళ్ళకపోతే లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. కానీ బడి ఉంది కదా. పన్నెండేళ్ళ నుంచి ఉంది. బడిలో దెబ్బ తగిలింది కాబట్టి బడే చూసుకుంటుంది.

రెండ్రోజుల తర్వాత చెయ్యి మెడకు వేలాడేసుకుని, డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని కళ్ళజోడు మేడమ్ గదికి వెళ్ళింది. నలుగురిలో మేడమ్ అన్నా, ఇద్దరే ఉన్నప్పుడు అక్కా అనే పిలుస్తుంది. పాప పుట్టినప్పుడు ఆసుపత్రిలో తోడు పడుకున్న మనిషి ఆవిడ. తల్లి లేని పిల్లవి, నేనుండనా అని తనే వచ్చింది.

"అక్కా, గాయం సెలవుకి ఏ ఫారం నింపాలి? నువ్వే నింపి పెట్టాలి. ఎడం చేత్తో నా సంతకం నాకే రావట్లేదు."

మేడమ్ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఆ సెలవు స్టాఫ్‌కే అమ్మాయ్."

"అవును."

"నువ్వు స్టాఫ్ కాదు కదా."

సొట్టబుగ్గ నవ్వింది. మేడమ్ ఏడాదికోసారి జోకు వేస్తుంది, అదీ పేలదు. ఇదీ అలాంటిదే అనుకుంది. అయితే మేడమ్ మొహం నవ్వించే మొహంలా లేదు.

"నిన్న మన బడి కమిటీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నీ పేరు జీతాల్లో లేదట. బయటివాళ్ళకిచ్చే ఫీజుల్లో ఉందట. నువ్వు సొంతంగా పని చేసుకునే మనిషివట. మన బడి నీ దగ్గర పని చేయించుకుంటోందట, అంతే."

"అదేంటక్కా! నెలనెలా పన్ను కోసుకునే కదా ఇస్తున్నారు? ఉద్యోగం కాకపోతే పన్నెందుకు కోస్తారు?"

"బయటివాళ్ళకిచ్చేదాంట్లో కూడా కోస్తారట. నాకూ నిన్ననే తెలిసింది."

"నిన్ననే తెలిస్తే 'కాదు కదా' అంటావేం, ఎప్పట్నుంచో తెలిసినట్టు?"

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కమిటీ వాళ్ళు అలా చెప్పమన్నారు" అని గొణిగింది. "నీకు నాలుగు చోట్ల నుంచి వస్తోంది కదా, ఇదొక్కటీ ఆగితే ఏమవుతుందన్నారు."

నాలుగూ ఒకే చేతి మీద నడుస్తాయని సొట్టబుగ్గ చెప్పాలనుకుంది. సర్టిఫికెట్ తిరిగి తీసుకుని బయటికి వచ్చేసింది. వరండాలో పిల్లలు చుట్టూ మూగి ఏవేవో అడుగుతుంటే, ఎడం చేతిని పైకెత్తి మళ్ళీ దించేసింది.

ఇంటికొచ్చాక నాన్నకు చెప్పడం ఇంకా కష్టమైంది. ఆయనకు పుట్టుకతోనే వినబడదు. అచ్చు ప్రెస్సులో మిషన్ల హోరు మధ్య అందరూ తలనొప్పి అంటుంటే హాయిగా పని చేసుకుని రిటైరైన మనిషి. ఆమెకు ఈ భాష వచ్చింది ఆయన దగ్గర్నుంచే. ఇప్పుడు ఒంటిచేత్తో చెబుతుంటే సగం మాటలు మధ్యలోనే విరిగిపోతున్నాయి.

'నీకు నత్తి వచ్చింది' అని నవ్వించబోయాడు నాన్న. కూతురు నవ్వకపోయేసరికి దగ్గరికి జరిగాడు. 'ఉద్యోగంలోంచి తీసేశారా?'

'తీసేయడానికి, అసలు పెట్టుకోనే లేదట.'

నాన్న మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పింది. ఆయన చాలాసేపు ఆమె ఎడం చేతి వంకే చూశాడు, తప్పు ఆ చేతిలో ఉందన్నట్టు.

మొగుడు లిఫ్టు మెకానిక్. డ్యూటీ దిగి వచ్చి సంగతంతా విని, ఏటేటా ఆమె పన్ను పత్రాలు దాఖలు చేసే ఆడిటర్ గారికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టాడు.

"ఇందులో ఆశ్చర్యపోడానికేముందమ్మా?" అన్నాడు ఆడిటరు. "ఒక్క చోట నుంచి వస్తే జీతం. నాలుగు చోట్ల నుంచి వస్తుంటే ఇంకా ఉద్యోగి ఎలా అవుతారు? స్వయం ఉపాధి కిందే వేస్తాం. ఇన్నేళ్ళూ అలాగే వేశాను."

"నన్నొక్కసారైనా అడిగారా?"

"మీరొక్కసారైనా చదివారా? ప్రతి ఏడూ సంతకం పెట్టారు కదా. వృత్తి అన్నచోట 'సొంత వ్యాపారం' అని ఉంటుంది చూడండి."

సొట్టబుగ్గ మొగుడి మొహం చూసింది. "వ్యాపారమా? నాకు కొట్టెక్కడుందండీ? ఇన్నేళ్ళుగా వ్యాపారం చేస్తున్నానా నేను?"

బడి చేసింది ఒక ఎత్తు. తనే ఏటేటా ఔను, నేను ఎవరి మనిషినీ కాను అని సంతకం చేసి ఇచ్చానన్నది ఇంకో ఎత్తు. ఆమె వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చి, ఎడం చేతి మునివేళ్ళు నుదుటికి ఆనించుకుని కూర్చుంది.

ఆడిటరు కాస్త మెత్తబడ్డాడు. "మీకు అనుమానంగా ఉంటే మాత్రం పన్నుల ఆఫీసులో అడగొచ్చు. హోదా తేల్చమని అర్జీ పెట్టుకుంటే వాళ్ళే విచారించి చెబుతారు. నేను చెప్పిందే చెబుతారనుకోండి."

మర్నాడు మొగుడు తన కంపెనీ ఆఫీసుకెళ్ళి, తనను ఏమని రాసుకున్నారో అడిగి వచ్చాడు. ఉద్యోగే అన్నారట. అయినా ఆ మాట ఒకటికి రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

పన్నుల ఆఫీసులో ఆమె అర్జీ చూసిన అధికారిణికి గొంతు పట్టేసింది. బుగ్గన దగ్గు బిళ్ళ పెట్టుకుని బొంగురుగా మాట్లాడుతోంది.

"చెప్పండి, మీరు ఉద్యోగా, స్వయం ఉపాధా?"

"అది తెలుసుకుందామనే వచ్చానండి."

అధికారిణి నవ్వబోయి దగ్గింది. "నాలుగు చోట్ల చేస్తున్నారు కాబట్టి స్వయం ఉపాధి అని ఎవరన్నారు మీకు?"

"మా ఆడిటర్ గారు."

"ఎన్ని చోట్ల అన్నదానితో పని లేదమ్మా. హోదా మనిషిని బట్టి కాదు, పనిని బట్టి. ఒకే మనిషి పొద్దున ఉద్యోగి, సాయంత్రం తనకు తనే యజమాని కావచ్చు. ఒక్కో పనీ విడదీసి చూద్దాం. కోర్టు పిలిస్తే రానని చెప్పొచ్చా?"

"చెప్పొచ్చు. చాలాసార్లు చెప్పాను."

"రేటు ఎవరు చెబుతారు?"

"నేనే. ఆసుపత్రికీ నేనే చెబుతాను. టీవీ వాళ్ళతో బేరం ఆడతాను."

"అక్కడ మీరు మీ సొంతం. మరి బడి?"

సొట్టబుగ్గ చెప్పుకుంటూ పోయింది. పొద్దున గంట కొట్టే వేళకు ఉండాలి. ఏ తరగతికి వెళ్ళాలో మేడమ్ చెబుతుంది. సెలవు కావాలంటే అడగాలి. వాళ్ళిచ్చింది తీసుకోవడమే తప్ప జీతం మీద బేరం లేదు. అధికారిణి రాసుకుంటూ చివరికి ఒకటి అడిగింది.

"మీరు రాలేని రోజు మీ బదులు ఇంకొకర్ని పంపొచ్చా?"

"ఓసారి పంపానండి. జ్వరమొస్తే నాకు తెలిసినామెను పంపాను. మేడమ్ వెనక్కి పంపేశారు. వస్తే నువ్వు రా, లేకపోతే మానెయ్ అన్నారు."

"ఆ మాట మీ మేడమ్ ఒప్పుకుంటారా?"

సొట్టబుగ్గ మెడలో పట్టీ సర్దుకుంది. నెల కిందటైతే ఒప్పుకుంటారనేసేది.

విచారణకు కమిటీ తరఫున కళ్ళజోడు మేడమే వచ్చింది. ఇద్దరూ బల్లకు ఒకే పక్కన, మధ్యలో ఒక కుర్చీ వదిలేసి కూర్చున్నారు. మేడమ్ "చెయ్యి ఎలా ఉంది?" అంది. "ఉంది" అంది సొట్టబుగ్గ.

అధికారిణి వరసగా అడిగింది. మేడమ్ క్లుప్తంగా చెప్పింది. ఆవిడ మాటలు ఎవరో నేర్పి పంపినట్టున్నాయి. ఆమె బయటి మనిషి, మా అవసరాన్ని బట్టి పిలుస్తాం, ఆమెకు వేరే ఆదాయాలున్నాయి. బదులు మనిషి సంగతి వచ్చేసరికి మేడమ్ కళ్ళజోడు పైకి తోసుకుంది. "వెనక్కి పంపేశాను" అంది. "పిల్లలకు ఈమె చెయ్యి అలవాటు. ఇంకొకరు పనికిరారనిపించింది."

"అంటే ఈ మనిషే కావాలి, మీరు చెప్పిన వేళకే కావాలి."

"అవును."

ఆ ఒక్క మాటతో తన సంగతి తేలిపోయిందని సొట్టబుగ్గకు అర్థమైంది. కానీ అధికారిణి లేవలేదు. కంప్యూటర్లో ఏదో చూస్తూ, మామూలుగానే అడిగింది.

"మీ బడిలో ఇలా ఫీజుల కింద తీసుకునేవాళ్ళు ఇంకా ఎవరున్నారు మేడమ్?"

"ఇంకెవరూ లేరు. టీచర్లు, నేను, అందరం జీతాల మీదే ఉన్నాం."

అధికారిణి తెర పైకీ కిందికీ జరిపింది. బిళ్ళ ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మారింది. సొట్టబుగ్గ వైపు తిరిగి, "మీరు కాస్త బయట కూర్చుంటారా?" అంది.

"ఉండనీండి" అంది మేడమ్. "ఆవిడ దగ్గర దాచేదేముంది?"

"టీచర్లున్నారు మేడమ్. మీరు లేరు."

"ఎక్కడ?"

"జీతాల్లో. ఆరేళ్ళుగా మీ పేరు సలహాదారు కింద ఉంది. మీరు ఇంకో రెండు మూడు ఆదాయాలు చూపిస్తున్నారు కదా, పాఠ్యపుస్తకాలు రాయడం, పరీక్ష పేపర్లు దిద్దడం, ఇంటి అద్దె. వాటితో కలిపి బడి డబ్బునూ స్వయం ఉపాధిలోనే దాఖలు చేశారు."

"నేను చెయ్యలేదు. మా కమిటీ అకౌంటెంట్ చేస్తాడు. మా అందరివీ ఊరికే చేసి పెడతాడు."

"సంతకం మీదే ఉంది."

మేడమ్ మొహంలో రంగు పోయింది. "నేను ప్రధానోపాధ్యాయురాలిని" అంది, ఎవరో కాదన్నట్టు. "ఇరవై ఆరేళ్ళుగా అక్కడే ఉన్నాను. వచ్చే ఏడు రిటైరవుతున్నాను. రిటైరైతే నాకు రావాల్సింది..."

అధికారిణి కంప్యూటర్ తెర ఆవిడ వైపు తిప్పింది. ఉద్యోగి కాని మనిషికి రిటైర్మెంట్ ఏముంటుంది, దాని మీద వచ్చే సొమ్మేముంటుంది?

వరండాలో బెంచీ దాకా మేడమ్ గోడ పట్టుకుని నడిచింది. సొట్టబుగ్గ ఎడం చెయ్యి ఆసరా ఇచ్చి కూర్చోబెట్టింది. మేడమ్ ఏదో అనబోయింది. పెదాలు కదిలాయి కానీ మాట లేదు. అప్పుడు ఆవిడ రెండు చేతులూ పైకి లేచాయి. వినికిడి ఉన్నవాళ్ళలా తడబడుతూ, వంకరటింకరగా సైగలు చేసేది ఆవిడ. పిల్లలు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఇప్పుడు ఆ చేతులే, 'నేను కూడానా?' అన్నాయి. 'నేను కూడా బయటిదాన్నేనా?'

సొట్టబుగ్గకు కోపం తెచ్చుకోవాలని ఉంది. తెచ్చుకోడానికి కావలసినంత ఉంది కూడా. కానీ ఎదురుగా ఉన్న మొహం, ఆ రోజు తలుపు వేసిన గదిలో తన మొహం ఎలా ఉండి ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ఉన్న ఒక్క చేత్తో, 'నీళ్ళు తెస్తాను, కూర్చో' అని చెప్పింది.

తీర్పు కొన్ని వారాలకు వచ్చింది. బడి వరకు సొట్టబుగ్గ ఉద్యోగి. కోర్టు, ఆసుపత్రి, టీవీ, మూడింట్లో స్వయం ఉపాధి. బడిలో ఉద్యోగి కాబట్టి గాయం సెలవు డబ్బు కమిటీ ఇచ్చి తీరాలి. ఆడిటరు పాత పత్రాలన్నీ విడదీసి మళ్ళీ దాఖలు చేస్తూ, "ఇలాంటిది నా సర్వీసులో చూడలేదమ్మా" అని సణిగాడు. ఫీజు మాత్రం అడగలేదు. ఆ మూడింటి మీదా పన్నూ బీమా తనే చూసుకోవాలని ఈసారి ఆమె కూర్చుని ప్రతి గడీ చదివి తెలుసుకుంది. ఓ గడి అర్థం కాక ఆయన్ని నాలుగుసార్లు అడిగింది. ఆయన నాలుగుసార్లూ చెప్పాడు.

కళ్ళజోడు మేడమ్ అర్జీ తేలడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. కమిటీ అధ్యక్షుడు ఆవిడను పిలిచి, రిటైరయ్యేదాకా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదమ్మా, వెళ్ళేటప్పుడు మేమే ఏదో ఒకటి చూసేవాళ్ళం అన్నాడట. ఆవిడ మూసుకోలేదు. చివరికి ఆవిడా ఉద్యోగే అని తేలింది. రావలసిన దాంట్లో కొంత రొక్కంగా, మిగతాది విడతల్లో ఇచ్చేలా ఒప్పందమైంది. అకౌంటెంట్ మాత్రం అలా రాయమని తనకెవరు చెప్పారో చెప్పలేదు. చెప్పకుండానే మానేసి వెళ్ళిపోయాడు.

ఇద్దరి మధ్యా మాటలున్నాయి. పాత చనువు మాత్రం లేదు. సొట్టబుగ్గ మళ్ళీ బడికి వెళ్ళసాగింది. చిటికెన వేలు పూర్తిగా ముడుచుకోదు. కొన్ని సైగలు కొత్తగా మలుచుకుంది.

మేడమ్ వీడ్కోలు రోజున హాలు నిండా పిల్లలు, తల్లిదండ్రులు, ముందు వరసలో కమిటీ. మేడమ్ నోటితో మాట్లాడుతోంది, పక్కన నిలబడి సొట్టబుగ్గ చేతులతో చెబుతోంది. ఈ పనిలో ఒక నియమం ఉంది. ఎవరి మాట చెబుతుంటే వాళ్ళే తానైపోవాలి. మేడమ్ 'నేను' అంటే సొట్టబుగ్గ కూడా తన గుండె మీద వేలు పెట్టి 'నేను' అనాలి. 'ఆవిడ అంటున్నారు' అని చెప్పకూడదు.

బడి మొదట్లో ఎలా ఉండేదో, వానొస్తే పైకప్పు ఎలా కారేదో చెప్పింది మేడమ్. పిల్లలు నవ్వారు. అంతలో చేతిలో కాగితం మడిచేసింది.

"ఈ బడిలో ఒకామె పన్నెండేళ్ళు పని చేసింది. ఆమె చెయ్యి విరిగి నా గదికొచ్చినప్పుడు నేను తలుపు వేసి, నువ్వు మా మనిషివి కాదు అన్నాను."

సొట్టబుగ్గ చేతులు ఆగిపోయాయి. పడిపోయిన రోజు తప్పిస్తే, ఇన్నేళ్ళలో మాట మధ్యలో అవి ఆగడం ఇదే మొదలు. పిల్లలు ఆమె చేతుల వైపే చూస్తున్నారు. మేడమ్ కూడా మాట ఆపి నిలబడింది, తొందర పెట్టలేదు. ముందు వరసలో కమిటీ అధ్యక్షుడు చేతులు కట్టుకున్నాడు.

సొట్టబుగ్గ గుండె మీద వేలు పెట్టుకుంది. 'ఆమె చెయ్యి విరిగి నా గదికొచ్చింది. నేను తలుపు వేశాను. నువ్వు మా మనిషివి కాదు అన్నాను.'

"కాదు అని చెప్పమన్నవాళ్ళు, నన్నూ కాదనే రాసుకున్నారు. అది తెలిసేదాకా నేను ఆమె మొహం సరిగ్గా చూడలేదు."

సొట్టబుగ్గ అదీ చేతులతో చెప్పింది. మూడో వరసలో ఒక పిల్ల చెయ్యెత్తింది. అడగడానికి వేళ కాదని తెలిసినా ఆగలేక లేచి నిలబడి అడిగింది. 'ఆమె అంటే ఎవరు?'

సొట్టబుగ్గ మేడమ్ వంక చూసింది. మేడమ్ తలూపింది.

'నేను' అంది సొట్టబుగ్గ, మళ్ళీ గుండె మీద వేలు పెట్టుకుని.

పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. 'ఏ నేను?' అని అడిగింది.